బొమ్మకు కాలం తప్పితే...

ఇంటి వీడియోల్లో మనుషులు పరుగులు పెడుతున్నా, పెదవులకూ మాటకూ పొత్తు కుదరకపోయినా చాలాసార్లు తీసిన బొమ్మల్లో తప్పుండదు. వాటికి మనం కట్టిన లెక్కలో ఉంటుంది. ఆ లెక్కను పట్టుకోవడం ఇంట్లో ఎవరికైనా సాధ్యమే.

ముహూర్తానికి గట్టిమేళం మోగింది, తాళి కట్టడం అయింది. నెల తర్వాత అదే ఘట్టాన్ని టీవీలో చూస్తుంటే, సంగీతం తెలిసిన పెద్దావిడ ఎవరో ‘‘ఏరా, సన్నాయి ఇలా పీలగా వినిపిస్తోందేంటి? మన మేళంవాళ్లు ఇంత పై శ్రుతిలో వాయించలేదే!’’ అంటుంది. కుర్రాళ్లు టీవీ స్పీకర్లను అనుమానిస్తారు. ఆవిడ చెప్పిందే నిజం. సెకనుకు 24 ఫ్రేముల (బొమ్మల) లెక్కన తీసిన వీడియోను ధ్వనితో సహా 25 ఫ్రేముల లెక్కకు ఎక్కిస్తే వేగం 4 శాతానికి పైగా పెరుగుతుంది. శ్రుతి అరస్వరంలో ముప్పాతిక వంతు దాకా పైకి జరుగుతుంది. 4 శాతం తేడా కంటికి ఆనదు కానీ, శ్రుతి తెలిసిన చెవికి వెంటనే తగులుతుంది.

బడిపిల్లలు నోటుపుస్తకం అంచుల్లో పేజీకో బొమ్మ గీసి, బొటనవేలితో గబగబా తిప్పుతారు చూడండి, వీడియో జరిగేది అచ్చంగా అలాగే. పేజీలు ఎప్పుడూ అవే. వేలు తొందరపడితే బొమ్మ పరుగెడుతుంది, నెమ్మదిస్తే తడబడుతుంది. వీడియో ఫైలులో ఆ వేలు చేసే పనిని ‘ఫ్రేమ్ రేటు’ అనే ఒక అంకె చేస్తుంది. సెకనుకు 15 తీశారా, 25 తీశారా, 30 తీశారా అన్నది కెమెరా ఫైలులో రాసిపెట్టాలి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా చదవాలి. కెమెరా రాయకపోయినా, సాఫ్ట్‌వేర్ తప్పుగా చదివినా, మనమే వేరే అంకె ఇచ్చినా కాలం తప్పుతుంది.

అందుకే ఎడిటింగ్ యాప్‌లో స్పీడ్ మీట కనిపించగానే దాన్ని అటూ ఇటూ జరిపి ‘ఇప్పుడు బాగానే ఉంది’ అనుకోవడం నాకు నచ్చదు. అది కంటి అంచనా. అసలు అంకె తెలుసుకుని సాఫ్ట్‌వేర్‌కు చెబితే ప్రతి ఫ్రేమూ తన చోటికి తానే వస్తుంది. స్పీడ్ మీటతో సవరిస్తే కొన్ని ఫ్రేములు రెండుసార్లు పడతాయి, కొన్ని ఎగిరిపోతాయి, ధ్వని గరగరలాడుతుంది. పాపాయి తొలి అడుగుల వీడియో మళ్లీ తీయలేం కదా!

ముందు కంప్యూటర్‌ సంగతి

ఎడిటింగ్‌లో నత్తనడక నడిచే వీడియో ప్రతిదీ చెడిపోయినట్టు కాదు. ఇప్పటి ఫోన్లు చాలామటుకు హెచ్.265 పద్ధతిలో వీడియోను బాగా కుదించి దాస్తాయి. దాన్ని విప్పడం పాత ల్యాప్‌టాప్‌కు పెద్ద బరువు. పైగా ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లోనే ఉంచి అక్కడి నుంచే ఎడిట్ చేస్తుంటే ఇక చెప్పక్కర్లేదు. ఒక పది సెకన్ల ముక్క ఎక్స్‌పోర్ట్ చేసి ఫోనులో చూడండి. అక్కడ సరిగ్గా ఆడితే వీడియోకు ఏమీ కాలేదన్నమాట. ఫైళ్లను కంప్యూటర్‌ డిస్కులోకి కాపీ చేసుకుని, సాఫ్ట్‌వేర్‌లో ‘ప్రాక్సీ’ అనే తేలిక నకళ్లు తయారు చేయించుకుంటే సరిపోతుంది. ఎడిటింగంతా నకలు మీద సాగుతుంది, చివర్లో అసలు ఫైలు నుంచే వీడియో బయటికొస్తుంది.

ఎక్స్‌పోర్ట్ చేశాక కూడా తేడా ఉంటే అప్పుడు అసలు వెతుకులాట మొదలుపెట్టాలి.

తెర మూలన ఉన్న గడియారం

సీసీ కెమెరాతో మొదలుపెడదాం. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, కిరాణా కొట్టులో, ఊళ్లో రామాలయం ముందు కూడా అది ఉంటోంది. హార్డ్ డిస్కులో ఎక్కువ రోజుల ఫుటేజీ పట్టాలని కెమెరాను సెకనుకు 12 లేదా 15 ఫ్రేములకు తగ్గించి పెడుతుంటారు. ఆ ఫుటేజీని రికార్డు చేసే డీవీఆర్ నుంచి తీసిన ఫైలు చాలాసార్లు మామూలు ఎంపీ4 అయి ఉండదు, డీవీఆర్ కంపెనీ సొంత పద్ధతిలో ఉంటుంది. దాన్ని ఏదో ఒక కన్వర్టర్‌లో వేసి మార్చేటప్పుడు అసలు ఫ్రేమ్ రేటు జారిపోతుంది. అంకె కనిపించకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచింది వేసుకుంటుంది. చాలా కన్వర్టర్లకు ఆధారమైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, సమయం రాయని వీడియో ప్రవాహం చేతికొస్తే సెకనుకు 25 అనే లెక్క కడుతుంది.

దాంతో 15 ఫ్రేముల్లో తీసిన గంట ఫుటేజీ 36 నిమిషాల్లో అయిపోతుంది. పాలవాడు పరుగెడతాడు, కుక్క గెంతులేస్తుంది, వాచ్‌మన్ కుర్చీలోంచి ఎగిరి లేస్తాడు.

దీనికి విరుగుడు తెరమీదే ఉంది. సీసీ ఫుటేజీలో ఒక మూలన తేదీ, గంటలు, నిమిషాలు, సెకన్లు పడుతుంటాయి. అవి కెమెరా తీసిన వేళనే బొమ్మ మీద అచ్చయిపోయిన అంకెలు కాబట్టి తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ చేతిలో పడ్డా మారవు. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఫైలు తెరిచి ఆపండి. కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘ఈ’ నొక్కిన ప్రతిసారీ ఒక్క ఫ్రేము ముందుకు జరుగుతుంది. మూలన సెకన్ల అంకె 20 నుంచి 21కి మారిన ఫ్రేము దగ్గర లెక్క మొదలుపెట్టండి. 21 కాస్తా 22 అయ్యే వరకు ఎన్నిసార్లు నొక్కారో అదే ఆ కెమెరా అసలు ఫ్రేమ్ రేటు. ఒక్క సెకనును నమ్ముకోవద్దు. వేర్వేరు చోట్ల మూడు నాలుగు సెకన్లు లెక్కపెడితే 15, 15, 14, 15 అని వస్తుంది. అప్పుడు 15 అని నిర్ధారించుకోవచ్చు.

అంత ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, తెరమీది గడియారం ఒక నిమిషం తిరగడానికి నిజంగా ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 36 సెకన్లే పట్టిందనుకోండి, 25ను 36తో హెచ్చించి 60తో భాగించాలి. మళ్లీ అదే 15.

లెక్కపెట్టేటప్పుడే ఇంకో సంగతి బయటపడుతుంది. సెకన్లు వరసగా, సమానంగా, కాకపోతే తొందరగా మారుతుంటే అది ఫ్రేమ్ రేటు తప్పు. అలా కాక అంకె 10:15:20 నుంచి అమాంతం 10:17:05కి దూకితే అక్కడ వేగం సమస్యే లేదు. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా కెమెరాను పెట్టారు, లేదా వైఫై తెగిపోయింది. ఆ మధ్య కాలపు బొమ్మలు అసలు లేవు, ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తెచ్చి ఇవ్వలేదు.

అసలు అంకె దొరికాక దాన్ని చెప్పే చోటు ప్రతి మంచి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ప్రీమియర్ ప్రోలో క్లిప్పు మీద ‘మాడిఫై’ కింద ‘ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్’ తెరిచి 15 అని రాయాలి. డావిన్చీ రిజాల్వ్‌లో ‘క్లిప్ అట్రిబ్యూట్స్’లో మార్చుకోవాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో నేరుగా పనిచేసేవాళ్లు మాత్రం ఒక చిన్న తేడా గుర్తుంచుకోవాలి. ఫ్రేమ్ రేటును ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందు రాస్తే ‘ఈ ఫైలును ఇలా చదువు’ అని అర్థం. ఆ పేరు తర్వాత రాస్తే ‘ఇలా తయారు చెయ్యి’ అని అర్థం, అప్పుడు అది ఫ్రేములు పారేసో, ఉన్నవాటినే మళ్లీ వేసో లెక్క సరిపెడుతుంది కానీ పరుగు మాత్రం అలాగే ఉండిపోతుంది.

వెలుతురు తగ్గితే ఫోను అడుగు మారుస్తుంది

ఫోను వీడియోల తంటా ఇంకో రకం. గడప దగ్గర ఎండలో అన్నీ సరిగ్గా ఉంటాయి. దీపాల వెలుగులో సత్యనారాయణ వ్రతం మొదలయ్యాక పంతులుగారి పెదవులకూ కథకూ మెల్లగా ఎడం పెరుగుతుంది. హారతి వేళకు చేయి కదిలిన కాసేపటికి గానీ గంట వినిపించదు.

కారణం వెలుతురు. సెకనుకు 30 ఫ్రేములు తీయాలంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే వ్యవధి సెకనులో 30వ వంతుకు మించకూడదు. గదిలో మసక ఉంటే ఆ వ్యవధి చాలదు. అందుకని ఫోను ఫ్రేముల సంఖ్య తగ్గించి ఒక్కో ఫ్రేముకూ ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. ఐఫోన్‌లో ‘ఆటో ఎఫ్‌పీఎస్’ అన్న ఏర్పాటు చేసేది ఇదే, వెలుతురు తక్కువైతే 24కి దిగుతుంది. వెలుతురు మారకపోయినా ఫోన్ల ఫ్రేముల మధ్య ఎడం కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. దీన్నే ‘వేరియబుల్ ఫ్రేమ్ రేట్’ అంటారు. ఏ ఫ్రేము ఎప్పుడు చూపాలో ఫైలులో రాసే ఉంటుంది కాబట్టి ఫోనులో చూసినప్పుడు ఏ తేడా ఉండదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ సమయాలను వదిలేసి ఫ్రేములను సమానంగా పేర్చేస్తాయి. ధ్వని మాత్రం తన నడకలోనే పోతుంది. అక్కడే పొత్తు చెడుతుంది.

మీ ఫైలు ఆ కోవలోదా అన్నది ‘మీడియాఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ‘ఫ్రేమ్ రేట్ మోడ్’ అన్న వరసలో ‘వేరియబుల్’ అని ఉంటే ఆ ఫైలును నేరుగా టైమ్‌లైన్ మీద పెట్టకండి. ముందు ‘హ్యాండ్‌బ్రేక్’లో వేసి, వీడియో విభాగంలో ఫ్రేమ్ రేటును ‘సేమ్ యాజ్ సోర్స్’ అని వదిలేయకుండా 30 అని ఎంచుకుని, పక్కనే ‘కాన్‌స్టంట్’ పెట్టి కొత్త ఫైలు తీయించండి. నాణ్యత మీటను కాస్త పైకే ఉంచండి, ఫైలు పెద్దదైనా ఫరవాలేదు. ఎడిటింగ్ ఆ కొత్త ఫైలుతో చేసుకోవాలి. అసలుదాన్ని చెరిపేయకూడదు.

మాటకూ పెదవికీ తేడా కనిపించగానే ధ్వనిని పట్టుకుని ముందుకో వెనక్కో జరపడం అందరూ చేసే పని. దానికి ముందు ఒక పరీక్ష ఉంది. వీడియో తీసేటప్పుడే మొదట ఒకసారి, చివర ఒకసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టండి. రెండు అరచేతులూ కలిసిన ఫ్రేముకూ ‘టప్’మన్న చోటుకూ తేడా ఎంతో రెండు చోట్లా చూడండి. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే ధ్వనిని జరిపితే చాలు. మొదట్లో సరిపోయి చివరకు వచ్చేసరికి ఎడం పెరిగితే ఎంత జరిపినా లాభం లేదు, నడకే వేరు.

ఆ ఎడం ఎంతో కొలిస్తే రోగం పేరు దాదాపు తెలిసిపోతుంది. గంటకు మూడున్నర సెకన్ల చిల్లర, అంటే 3.6 సెకన్లు తేడా వస్తే 30కీ 29.97కీ మధ్య పొరపాటు. గంటకు 2 నిమిషాల 24 సెకన్లు తగ్గితే 24ను 25గా నడిపారు. గంట ధ్వని 5 నిమిషాల 18 సెకన్లు సాగి, గొంతులు బొంగురుగా వినిపిస్తే 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డయినదాన్ని 44.1గా చదివారు. ఏ అంకెకూ చిక్కకుండా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తేడా ఉంటే అది వేరియబుల్ ఫైలో, మధ్యలో ఫ్రేములు రాలిపోయిన ఫైలో అయి ఉంటుంది.

మన 25, అమెరికా 30

ఈ 29.97 అనే చిల్లర అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అక్కడి నలుపు తెలుపు టీవీ దానికి తగ్గట్టు సెకనుకు 30 ఫ్రేములు చూపేది. 1953లో రంగుల ప్రసారానికి ప్రమాణం కుదిరినప్పుడు రంగుల సంకేతం ధ్వని సంకేతంతో కలిసి తెర మీద చారలు తెచ్చేలా ఉంది. దాన్ని తప్పించడానికి ఫ్రేమ్ రేటును వెయ్యిన్నొకటిలో ఒక వంతు తగ్గించారు. అలా 30 కాస్తా 29.97 అయింది. ఆ టీవీ పద్ధతి కనుమరుగైనా అంకె మాత్రం ఇప్పటి కెమెరాల్లో కూడా ఉండిపోయింది. మన కరెంటు 50 హెర్ట్జ్. మనం తీసుకున్నది పాల్ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటి రంగుల దూరదర్శన్ నుంచి పెళ్లి క్యాసెట్ల దాకా అంతా ఆ లెక్కే.

విజయవాడలో పెళ్లి అనుకోండి. ఫొటోగ్రాఫర్ కెమెరా 25లో తీస్తుంది. డాలస్ నుంచి వచ్చిన మేనమామ కొడుకు తన కెమెరాను అమెరికాలో ఉన్నట్టే 29.97లో ఉంచేసి తీస్తాడు. పెళ్లికూతురి స్నేహితురాలు బారాత్‌ను ఫోనులో 60లో తీస్తుంది. అన్నీ ఒకే టైమ్‌లైన్ మీదికి వస్తాయి. వేగం చెడదు, ఎందుకంటే మంచి సాఫ్ట్‌వేర్ ఏ క్లిప్పు లెక్క దానికి చూసుకుంటుంది. కానీ 30ని 25లో ఇరికించడానికి సెకనుకు ఐదు ఫ్రేములు పారేస్తుంది. కెమెరా మండపం ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగే షాట్‌లో ఆ ఐదూ కుదుపులుగా తెలుస్తాయి. మనుషులు నిలబడి మాట్లాడే షాట్లలో ఎవరికీ కనిపించవు. ఏ లెక్కలో ఎక్కువ ఫుటేజీ ఉందో ఆ లెక్కనే ప్రాజెక్టుకు పెట్టుకోవాలి. రిజాల్వ్‌లో క్లిప్పులు తెచ్చుకున్నాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు కాబట్టి ఈ నిర్ణయం మొదటే జరగాలి.

అమెరికా, కెనడా నుంచి కెమెరాతో వచ్చే మనవాళ్లకు నా విన్నపం ఒకటే. ఇక్కడ దిగగానే కెమెరా మెనూలో అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ తీసేసి పాల్ పెట్టండి. ఐఫోన్ సెట్టింగుల్లోనూ ‘షో పాల్ ఫార్మాట్స్’ అన్నది ఆన్ చేస్తే 25 కనిపిస్తుంది. ఫ్రేముల లెక్క కలవడం ఒక్కటే కాదు, ఇక్కడి ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ సెకనులో 60వ వంతులో ఉంటే ఫంక్షన్ హాలు గోడల మీద చారలు పాకుతుంటాయి. 50వ వంతుకో 100వ వంతుకో మారిస్తే పోతాయి.

అటక మీది రీళ్లు

వీడియో క్యాసెట్లు రాకముందు కొన్ని ఇళ్లలో సూపర్ 8 కెమెరాలుండేవి. కోడాక్ దాన్ని 1965లో తెచ్చింది. ఇంటి వాడకానికి సెకనుకు 18 ఫ్రేముల లెక్క. ఇప్పుడు ఆ రీళ్లను స్కాన్ చేయించుకునేవాళ్లు పెరిగారు. స్కానర్ ఒక్కో ఫ్రేమునూ విడివిడిగా ఫొటో తీస్తుంది కాబట్టి, అసలు వేగం ఎంతో చెప్పాల్సింది ఫైలు తయారుచేసే మనిషే. చెప్పకపోతే 24కో 25కో ఫైలు చేతికొస్తుంది. తాతగారు పొలం గట్టు మీద పరుగులాంటి నడక నడుస్తారు.

సరిచూసుకోవడానికి రీలు పొడవు చాలు. 50 అడుగుల సూపర్ 8 రీలులో అడుగుకు 72 చొప్పున 3,600 ఫ్రేములుంటాయి. 18 లెక్కన అది 3 నిమిషాల 20 సెకన్లు నడవాలి. మీకు వచ్చిన ఫైలు 2 నిమిషాల 24 సెకన్లే ఉందంటే 25లో తీసిచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్పును 18గా చదవమని చెబితే తాతగారు మళ్లీ తన మామూలు నడకకు వస్తారు. అంతకన్నా పాత మామూలు 8 ఎంఎం రీలైతే అడుగుకు 80 ఫ్రేములు, సెకనుకు 16. స్కాన్‌కు ఇచ్చేటప్పుడే ఈ అంకె రాసివ్వడం అన్నిటికన్నా మేలు.

వీహెచ్ఎస్ క్యాసెట్లలో వేగం చెడటం తక్కువ, ఫ్రేములు రాలిపోవడం ఎక్కువ. టేపు మీద సంకేతం వణికినచోట చవక క్యాప్చర్ పరికరం ఫ్రేములు వదిలేస్తుంది, ధ్వని ఆగకుండా పోతుంది. గంట అయ్యేసరికి అప్పగింతల్లో ముఖాలు ముందు కనిపించి, ఏడుపు తర్వాత వినిపిస్తుంది. దీన్ని ఎడిటింగ్‌లో అతికించే కన్నా వణికే సంకేతాన్ని కుదుటపరిచే ‘టైమ్ బేస్ కరెక్టర్’ ఉన్నచోట టేపును మళ్లీ ఎక్కించుకోవడమే నయం. కదలిక అంతా ముందుకూ వెనక్కూ వణుకుతుంటే మాత్రం టేపు తప్పు కాదు. ఒక్కో ఫ్రేములో ఉండే రెండు సగాల వరస తారుమారైంది. సాఫ్ట్‌వేర్‌లో ‘ఫీల్డ్ ఆర్డర్’ తిరగేస్తే కుదురుకుంటుంది.

ఫుటేజీ పోలీస్ స్టేషన్‌కు వెళ్లేటప్పుడు

పెళ్లి వీడియోలో కాలం తప్పితే మనసు కష్టపడుతుంది. కాలనీ కెమెరాలో తప్పితే మనిషికే అన్యాయం జరగవచ్చు. 15 ఫ్రేముల్లో తీసిన ప్రమాద దృశ్యాన్ని 25లో ఆడిస్తే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లిన బైకు 60తో వెళ్లినట్టు కనిపిస్తుంది. ఆ ముక్క వాట్సాప్ గ్రూపులో తిరిగేసరికి ‘ఎంత స్పీడులో వచ్చాడో చూడండి’ అన్న తీర్పు వెలువడిపోతుంది. ఫుటేజీ పంచుకునే ప్రతివాళ్లూ ముందు మూలన ఉన్న సెకన్లను చూడాలని నేను గట్టిగా కోరుకుంటాను. అవి గడియారంలోకన్నా తొందరగా పోతుంటే దాన్ని బట్టి ఎవరినీ తప్పుపట్టకూడదు.

చట్టం కూడా అసలు ఫైలునే అడుగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు ‘హ్యాష్’ విలువ రాయాలి. ఫైలులో ఒక్క అక్షరమంత మార్పు జరిగినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి వేగం సరిచేయడం, ముక్క కత్తిరించడం, వెలుతురు పెంచడం ఏదైనా నకలు మీదే జరగాలి. అసలు ఫైలును డీవీఆర్ సొంత పద్ధతిలోనే, దాన్ని ఆడించే ఆ కంపెనీ ప్లేయర్‌తో కలిపి దాచాలి. సరైన వేగం చూపించేది చాలాసార్లు ఆ ప్లేయరే. వాట్సాప్‌లో పంపక తప్పకపోతే వీడియోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఆలస్యం మాత్రం చేయకూడదు. డిస్కు నిండగానే డీవీఆర్ పాత ఫుటేజీ మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ఫైలు తీసేటప్పుడు డీవీఆర్ తెర మీది సమయమూ, పక్కనే ఫోనులోని సమయమూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. డీవీఆర్ గడియారం ఐదు నిమిషాలు ముందుందో, పది నిమిషాలు వెనకుందో ఆ ఫొటోతో తేలిపోతుంది. ఆ తేడానూ, కెమెరా ఫ్రేమ్ రేటునూ ఒక కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్‌తో పాటు ఇవ్వండి.